పెద్దమేడమ్ భయపడిన వారం

అక్టోబరు 4, మధ్యాహ్నం

నోటుబుక్కు సంగీతం టీచరుది, పెన్ను నాది. ఊరికే కూర్చోలేకపోతున్నాను. అందుకే రాస్తున్నాను.

నిన్న సాయంత్రం కొండ దిగుతుంటే మా వ్యాను ముందే రోడ్డు జారిపోయింది. పెద్ద చప్పుడేమీ లేదు. చిరిగిన బస్తాలోంచి బియ్యం జారినట్టు జారింది. డ్రైవరు రివర్సులో పైకి తెచ్చాడు. పైన ఒక గెస్టుహౌసు ఉంది, అక్కడితో రోడ్డు ఆఖరు. సీజను అయిపోయిందని తాళం వేసి ఉంది. పెద్దమేడమ్ తాళం పగలగొట్టమన్నారు. పగలగొట్టాక ఒక కాగితం మీద క్షమాపణ రాసి, సంతకం చేసి, హోదా కూడా రాసి తలుపుకి అతికించారు. ఆవిడ తీరే అంత.

మొత్తం ఏడుగురం. పెద్దమేడమ్ మా హెడ్మిస్ట్రెస్, ఈ నెలాఖరుకి రిటైరవుతున్నారు. ఈ స్టాఫ్ టూరు ఆవిడ కోసమే. తక్కినవాళ్లం డ్రిల్లు మాస్టారు, లెక్కల మాస్టారు, సంగీతం టీచరు, క్లర్కుగారు, వ్యాను డ్రైవరు, సైన్సు చెప్పే నేను. నేను ఆవిడ దగ్గరే ఏడో తరగతి చదివాను. ఇప్పుడు నాకు నలభై ఆరు. అయినా ఆవిడ చెప్పుల చప్పుడు వినబడితే చేతిలో ఉన్నది వెనక్కి దాచేస్తాను.

మేము ఇక్కడున్నట్టు ఎవరికీ తెలియదు. అసలు వెళ్లాల్సింది సరస్సు దగ్గరికి. దారిలో బోర్డు చూసి, పైనుంచి లోయ బాగుంటుందట, ఒక్క అరగంట చూసి వద్దామని ఆవిడే అన్నారు. ఉద్యోగం మొత్తంలో ఆవిడ టైంటేబుల్ తప్పింది ఆ ఒక్కసారే అనుకుంటాను.

అక్టోబరు 5

వాన. కరెంటు లేదు. మా ఫోన్లన్నీ ఒక్కొక్కటే చచ్చిపోయాయి. పెద్దమేడమ్ పాత బటన్ల ఫోను తీసుకుని, సిగ్నల్ కోసం నీళ్ల ట్యాంకు దాకా ఎక్కి వచ్చారు. ఆఫీసులో మాట్లాడానని, రెండు రోజుల్లో మనుషులు వస్తారని, ఎవరూ గెస్టుహౌసు దాటి కదలొద్దని చెప్పారు. సంగీతం టీచరు ఆవిడ్ని కౌగిలించుకోబోయి, ఎవర్ని కౌగిలించుకోబోతున్నదీ గుర్తొచ్చి నన్ను కౌగిలించుకుంది.

పది నిమిషాల్లో గోడ మీద టైంటేబుల్ వెలిసింది. వంటకి ఎవరు, నీళ్లకి ఎవరు, ఊడ్చేది ఎవరు. స్టోరు గదిలో బంగాళదుంపల బస్తా, కొంచెం గోధుమపిండి, టీ పొడి, బిస్కెట్ల డబ్బా ఉన్నాయి. డ్రిల్లు మాస్టారికి గిన్నెలు తోమే పని పడింది. ఈవిడ దగ్గర దేవుడైనా సెలవు చీటీ పెట్టుకోవాల్సిందేనని గొణిగాడు. గొణిగాడే గానీ తోమాడు. నిశ్చింతగా నిద్రపోయాం అందరం.

అక్టోబరు 6

వాన.

అక్టోబరు 7, సాయంత్రం

రెండు రోజులూ అయిపోయాయి. ఎవరూ రాలేదు. ఆవిడ మళ్లీ ట్యాంకు దగ్గరికి వెళ్లొచ్చి, వానకి ఆలస్యమట, రేపో ఎల్లుండో అన్నారు. ఏ ఆఫీసరు అన్నాడని లెక్కల మాస్టారు అడిగాడు. పెద్ద ఆఫీసరే అన్నారు. ఆయన ఇంకేం అడగలేదు గానీ, తప్పు జవాబొచ్చిన లెక్కని చూసినట్టు చూశాడు.

పొద్దున బిస్కెట్లు తగ్గాయి. ఆవిడ అందర్నీ వరండాలో వరసగా నిలబెట్టి, తీసినవాళ్లు చెయ్యెత్తమన్నారు. మా స్కూల్లో అయితే తియ్యనివాళ్లు కూడా ఎత్తేవాళ్లు. ఇక్కడ ఒక్క చెయ్యీ లేవలేదు. డ్రిల్లు మాస్టారు నవ్వాడు. పెద్ద నవ్వు కూడా కాదు. ఆ నవ్వుకి ఆవిడ ఏం చెయ్యాలో తెలియక కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నాకు కొండ జారినప్పటి కంటే అప్పుడు ఎక్కువ భయమేసింది.

ఆ బిస్కెట్లు తీసింది నేనే. రెండు. నిలబడే తినేశాను.

అక్టోబరు 8

క్లర్కుగారికి ఉబ్బసం. చలికీ తేమకీ రాత్రంతా ఈలలా ఊపిరి. ఇన్హేలర్ చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసుకుంటున్నాడు. స్కూల్లో సుద్దముక్క కావాలన్నా రెండు సంతకాలు అడిగే మనిషి. ఇప్పుడు ఏమీ అడగడం లేదు. అదే బాధగా ఉంది.

మందు సంగతి ఆఫీసరుకి చెప్పమందామని పెద్దమేడమ్ వెనకాలే ట్యాంకు దాకా ఎక్కాను. ఆవిడ ఫోను చెవికి పెట్టుకుని మాట్లాడుతున్నారు. అవును సార్, ఏడుగురం సార్, ఒకాయనకి ఒంట్లో బాగాలేదు సార్. నేను బాగా దగ్గరికి వెళ్లాను. ఫోనులో వెలుగు లేదు. పూర్తిగా చచ్చిపోయి ఉంది.

ఆవిడ తిరిగి చూశారు.

"మొదటిరోజే పోయింది దీని చార్జి," అన్నారు. "ఎవ్వరితోనూ మాట్లాడలేదు. కింద అందరూ నా మొహమే చూస్తున్నారే. అందులో ఏదో ఒకటి కనబడాలి కదా. ఖాళీ మొహం పెట్టుకుని ఎలా దిగను?"

మరి ఇప్పుడు ఎవరితో మాట్లాడుతున్నారని అడిగాను. కింద చెప్పేటప్పుడు తడబడకుండా ఒకసారి చెప్పి చూసుకుంటున్నానన్నారు. నా చెయ్యి పట్టుకుని, ఎవరికీ చెప్పకుండా ఒక్క రోజు ఆగమన్నారు. ఆ చెయ్యి చల్లగా, చిన్నగా ఉంది. దాన్ని నేను ముట్టుకోవడం అదే మొదలు. సరేనన్నాను. అనకుండా ఉండాల్సింది.

అక్టోబరు 9

పొద్దున క్లర్కుగారి పెదాలు నీలంగా కనిపించాయి. ఇన్హేలర్ అయిపోయింది. డ్రిల్లు మాస్టారు బూట్లు బిగించుకుని, జారిన చోట దాటి అవతలి రోడ్డుకి పోతానన్నాడు. వీల్లేదన్నారు పెద్దమేడమ్. ఇది ఆర్డరన్నారు.

"మేడమ్, ఇది స్కూలు కాదు," అన్నాడాయన.

రేపు కచ్చితంగా వస్తామని ఆఫీసరు చెప్పాడంటూ ఆవిడ నావైపు చూశారు. నేనేమైనా అంటానేమోనని కాదు. సాక్ష్యం చెబుతానని. నాకు క్లర్కుగారి ఈల వినిపిస్తూనే ఉంది. "ఆవిడ ఎవరితోనూ మాట్లాడలేదు," అనేశాను. "ఎవరూ రారు. మనం ఇక్కడున్నట్టు ఎవరికీ తెలీదు."

ఆ తర్వాత జరిగింది రాయడానికి సిగ్గుగా ఉంది. సంగీతం టీచరు టైంటేబుల్ చింపేసింది. ఎప్పుడూ గొంతెత్తని లెక్కల మాస్టారు, నా పిల్లలకి ఎవరు సమాధానం చెబుతారని ఆవిడ మీద అరిచాడు. డ్రైవరు నేలమీద ఉమ్మాడు. ఆవిడ గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. అప్పుడైనా మేం ఒకటయ్యామా అంటే అదీ లేదు. ఎవరికి వారే యమునా తీరే. లెక్కల మాస్టారు పిండి డబ్బా తన గదిలో పెట్టుకున్నాడు. డ్రైవరు వెళ్లి వ్యానులో పడుకున్నాడు. ఇంతలో వాన మళ్లీ పట్టుకుంది, డ్రిల్లు మాస్టారు కూడా వెళ్లలేకపోయాడు. నీళ్లు ఎవరూ తేలేదు. ఆవిడ ఉన్నప్పుడు ఆవిడంటే భయం. ఇప్పుడు అన్నిటికీ భయమే.

అక్టోబరు 10

పొద్దున వంటగదిలో చప్పుడు. పెద్దమేడమ్ బంగాళదుంపలు చెక్కు తీస్తున్నారు. ఆవిడకి ఆ పని రాదు. తొక్కతోపాటు సగం దుంప పోతోంది. నేను కత్తి తీసుకోబోతే, నేర్పితే నేర్చుకుంటానన్నారు. నేర్పాను. నన్ను ఏమీ అనలేదు. అందుకే ఏడ్చాను. దుంపలకి కూడా కళ్లు మండుతాయా అని అడిగారు.

తర్వాత క్లర్కుగారి దగ్గరికి వెళ్లి, ఆయన్ని కూర్చోబెట్టి, వీపు తన భుజానికి ఆనించుకుని, నాతోపాటు ఊపిరి తియ్యి బాబూ అంటూ రెండు గంటలు అలాగే ఉన్నారు. వేడినీళ్ల ఆవిరి నేను పట్టాను. ఈల కొంచెం తగ్గింది. ఆ మనిషి ఆయాసంలోనే, ఈ వారం రోజులూ క్యాజువల్ లీవు కింద రాయాలా, ఆన్ డ్యూటీ కింద రాయాలా అని అడిగాడు. ఆన్ డ్యూటీయే అన్నారు ఆవిడ.

దుంపలు ఉడికిన వాసనకి అందరూ వచ్చారు. ఆవిడ లేచి నిలబడ్డారు.

"నాకు భయమేసింది," అన్నారు. "మిమ్మల్ని ఇక్కడికి తెచ్చింది నేను. అది ఒప్పుకోలేక అబద్ధమాడాను. ఇప్పుడు ఏం చెయ్యాలో నాకు తెలీదు. మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి, వింటాను."

ముప్పై ఏళ్లలో ఆవిడ నోట తెలీదన్న మాట నేను వినలేదు. ముందు డ్రైవరు మాట్లాడాడు. బండి లాగే తాడుంది, టాపు మీద సామాను కట్టే తాళ్లున్నాయి, ముడేస్తే చాలా పొడవొస్తుందన్నాడు. రాళ్లు దొర్లేది ఎండెక్కి మట్టి వదులయ్యాకేనని, వాన ఆగిన రోజు తెల్లవారగానే దాటితే మేలని లెక్కల మాస్టారు అన్నాడు. మూడు రోజులుగా వాన తెరిపిచ్చినప్పుడల్లా కిటికీలోంచి అదే చూస్తున్నాడట. మాకెందుకు చెప్పలేదంటే, ఎవరూ అడగలేదన్నాడు. పొగమంచులో దిక్కు తెలియదు కదా, ఇవతలి అంచున నిలబడి ఆపకుండా పాడతాను, నా గొంతుకి వీపు పెట్టి పొండని సంగీతం టీచరు అంది. నోట్లో నువ్వుగింజ నానని మనిషి ఇంత మంచి మాట అంటుందని ఎవరూ అనుకోలేదు.

పిండి డబ్బా మధ్యాహ్నానికి వంటగదిలో ఉంది. ఎవరు పెట్టారో ఎవరూ అడగలేదు.

అక్టోబరు 11

వాన ఆగింది. తెల్లవారగానే అంచు దగ్గరికి వెళ్లాం. క్లర్కుగారి దగ్గర లెక్కల మాస్టారు ఉండిపోయాడు. డ్రిల్లు మాస్టారు, డ్రైవరు నడుములకి తాడు కట్టుకున్నారు. తాడు రెండో కొస చెట్టుకి చుట్టి పెద్దమేడమ్, నేను పట్టుకున్నాం.

అడుగు వెయ్యబోతూ డ్రిల్లు మాస్టారు ఆగాడు. "వెళ్లిరానా మేడమ్?" అన్నాడు.

"నన్నడక్కండి మాస్టారూ, వీళ్లనడగండి."

ఆయన నిజంగానే అందరి మొహాలూ చూశాడు. వెళ్లిరమ్మన్నాం.

పొగమంచులోకి పది అడుగులేశాక కనబడలేదు. సంగీతం టీచరు పాడుతూనే ఉంది. అన్ని పాటలూ అయిపోయాక ఒకటో తరగతి ఎక్కాలు కూడా రాగం కట్టి పాడింది. మధ్యలో ఒకసారి రాళ్లు కదిలిన చప్పుడు, తాడు ఒక్కసారిగా బిగిసింది. పెద్దమేడమ్ అరచేతులు చీరుకుపోయాయి. వదల్లేదు. ఆవిడ పళ్లు కటకటలాడటం నాకు వినిపించింది. నావి కూడా ఆవిడకి వినిపించే ఉంటాయి. చాలాసేపటికి తాడు వదులైంది. తర్వాత మూడుసార్లు కుదిపారు. దాటారన్నమాట. ఆవిడ అక్కడే బురదలో కూలబడ్డారు. నేనూ పక్కనే కూర్చున్నాను.

అక్టోబరు 12, సాయంత్రం

ఇంకా ఎవరూ రాలేదు. క్లర్కుగారి ఈల మళ్లీ పెరిగింది. వంతులవారీగా ఆనించుకుని కూర్చుంటున్నాం. వంతులు ఎవరూ వెయ్యలేదు. వాటంతట అవే పడ్డాయి.

అక్టోబరు 13

వచ్చారు. ఎనిమిది మంది, స్ట్రెచరుతో, ఆక్సిజన్ సిలిండరుతో. ముందు క్లర్కుగారిని దాటించారు. అవతల డ్రిల్లు మాస్టారి మడమ విరిగిందట. ఆ కాలితోనే, డ్రైవరు భుజం మీద వాలి, నాలుగు మైళ్లు కుంటుకుంటూ పోయాడట. ఆస్పత్రి మంచం మీద ఉన్నాడు.

ఆఖరున మిగిలింది పెద్దమేడమ్, నేను. ఆవిడ అంచు దగ్గర ఆగిపోయారు. కాళ్లు రావడం లేదన్నారు.

"కళ్లు మూసుకోనా?" అని అడిగారు.

"వద్దు మేడమ్. నా మడమలు చూస్తూ రండి."

వచ్చారు. దారి పొడవునా నా చీర కొంగు ఆవిడ గుప్పిట్లోనే ఉంది.

అక్టోబరు 20

ఆస్పత్రి. క్లర్కుగారు నయంగా ఉన్నాడు. పక్క మంచం డ్రిల్లు మాస్టారిది. నేను వెళ్లేసరికి పెద్దమేడమ్ వాళ్లిద్దరి మధ్య కుర్చీలో, నోరు తెరుచుకుని నిద్రపోతున్నారు. సన్నగా గురక కూడా.

నర్సు ట్రాలీ తోసుకొచ్చింది. ఇద్దరూ ఒకేసారి పెదాల మీద వేలు పెట్టారు.