పది గంటల చుక్క

ఫిబ్రవరి 9
పడకగది సీలింగ్ మీద అరచేతంత మరక. నిన్న లేదు. పాతదే అంటాడు మా ఆయన. పెళ్లయి పదకొండేళ్లయినా నేను జుట్టు కత్తిరించుకుంటే కనిపెట్టలేని మనిషి, మరక వయసు చెబుతున్నాడు.

ఫిబ్రవరి 11, ఉదయం 10.20
చుక్క పడింది. సరిగ్గా దిండు మీద. తర్వాత ఇంకో తొమ్మిది. వాన లేదు, మబ్బయినా లేదు.
నాది మధ్యాహ్నం షిఫ్టు కాబట్టి కంటపడింది. ల్యాబ్‌లో పనిచేసే ముక్కు ఊరుకోదు కదా, వేలికి అంటించుకుని వాసన చూశాను. సబ్బు.
పైవాళ్లకీ అది పడకగదే. పడకగదిలో సబ్బునీళ్లు ఎవరు పోస్తారు?

ఫిబ్రవరి 12
మళ్లీ పది దాటాకే.

ఫిబ్రవరి 13
పైకి వెళ్లాను. పైనావిడ తలుపు జానెడే తెరిచింది. మా ఇంట్లో నీళ్లేం ఒలకలేదమ్మా అంది. వాళ్లాయన, మాస్టారు, కనబడ్డం లేదేమని అడిగాను. వాళ్లన్నయ్యగారింటికి వెళ్లారట, నెల దాటిందట. ఆయన ఆటల మాస్టారు. రిటైరయ్యాక కూడా మెళ్లో విజిల్ వేసుకుని వాకింగ్‌కి వెళ్లేవారు. ఆయనకో అన్నయ్య ఉన్నట్టు ఇదే వినడం.
మెట్లు దిగుతుంటే లోపల మగ దగ్గు వినిపించింది.

ఫిబ్రవరి 14
దగ్గు టీవీలోదట. మా ఆయన తీర్పు.

ఫిబ్రవరి 16
ప్లంబర్ వచ్చాడు. నిచ్చెనెక్కి సీలింగంతా తట్టి చూశాడు. ఇక్కడసలు పైపే లేదమ్మా, పైన ఎవరో పనిగట్టుకుని పోస్తే తప్ప చుక్క రాదు అన్నాడు.
పనిగట్టుకుని. ఆ మాట చెవిలో జోరీగలా తిరుగుతోంది.
అల్లుడికి ఓ వాటా కావాలని పోయిన నెల ఇంటాయన నసిగాడు. ఆయనా పైనావిడా ఒకటయ్యారా? పొగబెట్టి పంపడం విన్నాను గానీ, నీళ్లు పోసి పంపడం ఇదే చూడటం.

ఫిబ్రవరి 18
ఇంటాయనకి మెసేజ్ పెట్టాను. పైన ఎవరో తెలియని మగమనిషిని దాచారని, నీళ్లు కావాలనే పోస్తున్నారని. పంపాక నాలుగుసార్లు చదువుకున్నాను. ఒక్క మాటా తప్పనిపించలేదు.

ఫిబ్రవరి 19, ఉదయం 11.40
పదింటికి ఇంటాయన రెండో తాళంచెవితో వచ్చాడు. వెనకే నేను. ఎంత కొట్టినా ఆవిడ తలుపు తీయలేదు. ఆయనే తీశాడు.
మాస్టారు నేల మీద ఉన్నారు, ప్లాస్టిక్ షీటు మీద, వెల్లకిలా. కుడిపక్కంతా పడిపోయింది. ఒంటి మీద ఒక తడి తువ్వాలు. ఆవిడ చేతిలో చెంబు. మమ్మల్ని చూడగానే ఆయన ముఖం గోడవైపు తిప్పుకున్నారు.
ఆవిడ తిట్టినా బాగుండేది. పక్షవాతం వచ్చి నలభై రోజులైంది, బాత్‌రూమ్ దాకా మోయలేను, షీటు చిరిగిందని ఇప్పుడే చూస్తున్నా అంది. తనని ఇలా ఎవరికీ చూపించొద్దని ఆయన ఒట్టు వేయించుకున్నారట. అదంతా మాతో కాదు, చెంబుతో చెప్పినట్టు చెప్పింది.
ఇంటాయన శ్లాబ్ పాడైపోతుందని గొణిగి, నెలాఖరుకి వాళ్లని ఖాళీ చేయమన్నాడు. కారేది నా నెత్తిన, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నా అన్నాను.
“మెసేజ్ పెట్టింది మీరే కదమ్మా?” అన్నాడు ఇంటాయన.
అవును. నేనే.

ఫిబ్రవరి 20
ఇంటాయన ఫోన్. వాళ్లావిడ గడ్డిపెట్టినట్టుంది, ఖాళీ మాట ఎత్తలేదు. షీటు మార్చినా అంచుల్లోంచి జారే నీళ్లు ఆగవు కాబట్టి, వచ్చే నెల మేస్త్రీని పంపి పైన నేల బాగు చేయిస్తాడట. అప్పటిదాకా ఓర్చుకోగలరా అని అడిగాడు. ఓర్చుకుంటానన్నాను. మంచం పక్కకి జరిపాం.
క్షమించమని అడగడానికి పైకి వెళ్లాను. లోపల అడుగుల చప్పుడు తలుపు దాకా వచ్చి ఆగిపోయింది.

ఫిబ్రవరి 23, ఉదయం 11.15
పదిన్నర దాటినా చుక్క పడలేదు. చెప్పులు లేకుండానే పైకి పరిగెత్తాను.
తలుపు ఓరగా తెరిచే ఉంది. ఆవిడ ఆయనకి గడ్డం గీస్తోంది. ఇవాళ స్నానం వద్దన్నారట. నన్ను చూసి, కాస్త తల పట్టుకోమ్మా అంది.
పట్టుకున్నాను. ఆయన ముఖం తిప్పుకోలేదు.