నాకోసం ఆగిన రొట్టె

చిరంజీవి బుజ్జిగాడికి అమ్మ దీవించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వూ కోడలూ చల్లగా ఉన్నారని తలుస్తాను. ఒక్కదానివే ఉంటూ ‘మేమంతా’ ఏమిటమ్మా అని నవ్వకు. ఆ సంగతికే వస్తున్నాను.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. మోకాళ్ల నొప్పి తగ్గింది. బేకరీలో రోజంతా నిలబడే పని, పెరగాలి నిజానికి. బట్టీ వేడికో ఏమో తగ్గింది. మేడ మీది నా గది ఇప్పుడు కురవడం లేదు, రొట్టెల మాస్టరే ఎక్కి రేకు మార్చాడు. ‘వేళకి తింటున్నావా, ఎవరితో తింటున్నావు’ అన్నావు. చిక్కంతా ఆ రెండో ప్రశ్నలోనే ఉందిరా.

మాస్టరు గురించి రాశానుగా, మాటకంటే ముందు మీసం కదిలే మనిషి. వాళ్లది కొండల మీది ఊరు, కట్టెలకి కరువు. అందుకని వారానికోసారి ఊరంతా కలిసి ఒకే బట్టీ వెలిగించి పీటంత రొట్టెలు కాలుస్తారట. ఒక్క మనిషికి సరిపడా రొట్టె వాళ్లకి తెలియనే తెలియదు. మన రొట్టె అలా కాదు. పొంగుతూనే పెనం మీంచి తినేవాళ్ల కంచంలో పడాలి. కాల్చేవాళ్ల వంతు ఎప్పటికో!

పోయిన ఆదివారం ఆయనా, వాళ్ల అక్కగారూ నన్ను భోజనానికి పిలిచారు. వట్టి చేతులతో పోవడమెందుకని పిండి కలిపి పట్టుకెళ్లి, వాళ్ల పొయ్యి దగ్గరే నిలబడి వేడివేడిగా కాల్చి వడ్డించాను. ఒకటి వేశాను, రెండు వేశాను. ఇద్దరూ ముట్టుకోరు! సరిగా కాలలేదేమోనని ఇంకా పల్చగా ఒత్తాను. కంచాల్లో దొంతర్లు పెరుగుతున్నాయి. చివరికి అక్కగారి కళ్లలో నీళ్లు తిరిగాయి.

“మాతో కూర్చోవడం నామోషీనా తల్లీ నీకు?” అంది.

“అయ్యో, మీరు తిన్నాక నేను తింటానండీ. చల్లారిపోతున్నాయి, కానివ్వండి.”

“చేసినవాళ్లు కూర్చుని మొదటి ముక్క విరిస్తేగానీ మా ఇంట్లో ఎవరమూ ముట్టం” అన్నాడు మాస్టరు.

వాళ్లు నాకోసం, నేను వాళ్లకోసం! పొయ్యి ఆర్పి కూర్చున్నాను. అప్పటికి అన్నీ తోలులా సాగుతున్నాయి. పడీపడీ నవ్వుకుంటూ తిన్నాం. బుజ్జీ, మీ నాన్న మంచివాడే. ఉన్నన్నాళ్లూ నన్ను ఒక్క మాట అనలేదు. అయినా నేను కూర్చున్నానా లేదా అని తల తిప్పి చూడటం మన రొట్టె ఆయనకి నేర్పలేదు. కూర్చోవచ్చని నాకూ నేర్పలేదు.

ఇక దాచి లాభం లేదు. మాస్టరు నన్ను పెళ్లి చేసుకుంటానన్నాడు.

“ఈ వయసులోనా? నలుగురూ నవ్వరూ?” అన్నాను.

“నవ్వితే వాళ్లకీ ఓ ముక్క పెడదాం” అన్నాడు.

నాకిష్టమేరా. కానీ ‘సరే’ అనే మాట ఇంకా నాలుక మీదే ఉంది. నువ్వు మొహం తిప్పుకుంటే తట్టుకోలేను. కోపమొస్తే వచ్చి ఎదురుగా తిట్టు, పడతాను. రాకుండా మాత్రం ఉండకు. కోడల్ని అడిగానని చెప్పు. నువ్వు తినేటప్పుడు తనెక్కడ ఉంటుందో ఈ పూట ఓసారి చూడు.

మీరొచ్చిన రోజు పెద్ద రొట్టె నేనే కాలుస్తాను, ఐదుగురికీ ఒకటే. చేసేది నేను కనక మొదటి ముక్క విరవాల్సిందీ నేనే. మీరిద్దరూ వచ్చి పక్కన కూర్చుంటేగానీ విరవను.

ఇట్లు,
ఈసారైనా వేడిగా తినాలనుకుంటున్న
మీ అమ్మ