డబ్బాపాలు, బోరునీళ్ళు

మల్కాజ్‌గిరి,
జూన్, 2005

ప్రియమైన నాన్నకి,

నీ సాయిదుర్గ నమస్కారాలు. ఫోనులో అరిచి అరిచి నా గొంతు పోయింది, నీకేమో సగం కూడా వినపడలేదు. సబ్బుల కార్ఖానాలో మిషన్ల పక్కన నిలబడి నిలబడి చెవులు అక్కడే వదిలేసి వచ్చావు. అందుకే ఈ ఉత్తరం.

పాప ఇంటికి వచ్చింది నాన్నా. నాలుగు నెలల పిల్ల. నీ అల్లుడు సూరి ఆఫీసు నుంచి రాగానే మెడలో కార్డు కూడా తీయకుండా ఎత్తుకుంటాడు. పాప ఆ తాడు పట్టుకుని లాగుతుంది, అదే వాళ్ళిద్దరి ఆట. నేను డబ్బాపాలు కలిపి పడుతున్నాను.

దత్తత ఇంకా పూర్తి కాలేదు. కోర్టు ఉత్తర్వు రావాలి. అంతవరకు శిశుగృహం నుంచి సువార్తగారని ఒకావిడ వచ్చి పాప తూకం, ఆరోగ్యం చూసి వెళ్తుంటారు. పిల్ల సరిగా పెరగకపోతే వెనక్కి తీసుకుపోతారేమోనని నా భయం. సూరి నవ్వుతాడు గానీ, నాకు ఆ భయం పోవడం లేదు.

పాపకి అమ్మ పేరు పెట్టాలని ఉంది. మరిడమ్మ. అమ్మ పోయాక మనింట్లో ఆ పేరు పలికే పనే లేకుండా పోయింది. నీ మాట కోసం ఆగాం. ప్రస్తుతానికి బుజ్జి అంటున్నాం.

ప్రేమతో,
సాయిదుర్గ

---

అనకాపల్లి,
జూన్ నెలాఖరు

చిరంజీవి సాయిదుర్గకి,

నాన్న దీవెనలు. ఉత్తరం, పాప ఫోటో అందాయి. కళ్ళు చురుగ్గా ఉన్నాయి. కాళ్ళు మాత్రం మరీ సన్నం. ఎముకల్లో బలం చాలదేమో అనిపించి, మందుల షాపులో అడిగి కాల్షియం చుక్కల మందు రెండు సీసాలు పార్సిల్ చేశాను. పాలల్లో కలిపి పట్టు. పసిపిల్లకి ఎముకే ఆస్తి.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. గాలికి పెరట్లో ములగచెట్టు విరిగింది. సూరికి నా ఆశీస్సులు చెప్పు.

మీ నాన్న,
నూకయ్య

---

మల్కాజ్‌గిరి,
జులై

ప్రియమైన నాన్నకి,

సీసాలు అందాయి. ఆ రోజు నుంచే పాలల్లో కలుపుతున్నాను.

పాప బాగాలేదు నాన్నా. ముక్కి ముక్కి ఏడుస్తుంది. దొడ్డికి మేకపెంటికల్లా గట్టిగా వస్తోంది, అందులో తెల్లటి బిళ్ళలు, ముట్టుకుంటే జిడ్డు. తూకం ఉన్నచోటే ఉంది. వచ్చేసారికి పెరగకపోతే రిపోర్టులో రాయక తప్పదని సువార్తగారు అన్నారు. ఆవిడ మంచావిడే, అందుకే ఇంకా భయం వేసింది.

పక్కింటి కమలాబాయిగారు పాప గుడ్డలు ఉతకడానికి సాయం వచ్చారు. బకెట్టు నిండా తెల్లటి తెట్టు కట్టింది, నురగ లేదు. "జెర ఓపిక పట్టు బిడ్డా. గీ బోరునీళ్ళల్ల సబ్బు సుత ఇరుగుతది, పసిదాని కడుపెంత?" అన్నారు. నేను అక్కడే కూర్చుని ఏడ్చాను. కన్నతల్లినై ఉంటే నా పాలే ఉండేవి, ఈ అవస్థ వచ్చేది కాదు అనిపించింది.

పేరు సంగతి నువ్వు రాయలేదు. మర్చిపోయావని సర్దుకుందామనుకున్నాను. ములగచెట్టు గురించి రాయడం గుర్తుంది కదా మరి.

నీ,
సాయిదుర్గ

---

మల్కాజ్‌గిరి,
ఆగస్టు

ప్రియమైన నాన్నకి,

నీ జవాబు రాలేదు. అయినా శుభవార్త దాచుకోలేక రాస్తున్నాను.

పాపని మారేడ్‌పల్లిలో డాక్టర్ శేషారత్నంగారికి చూపించాం. ఆవిడ ఓపిగ్గా చెప్పారు. పాలల్లో కొవ్వు ముగ్గురు కూర్చున్న బెంచీ లాంటిదట. అరిగేటప్పుడు అటు చివర, ఇటు చివర ఉన్నవాళ్ళు ఊడిపోతారు. మధ్యలో కూర్చున్నవాడు మాత్రం బెంచీతో సహా ఒంట్లోకి వెళ్తాడు. తల్లిపాలల్లో గట్టికొవ్వు ఎక్కువగా మధ్యలో ఉంటుంది. పామాయిల్ వేసిన డబ్బాపాలల్లో అదే కొవ్వు చివర్లలో ఉంటుంది. అది ఊడిపోయి, పాలల్లోని కాల్షియాన్ని పట్టుకుని బిళ్ళ కడుతుంది. కొవ్వూ ఒంటికి పట్టదు, కాల్షియమూ పట్టదు.

"కొవ్వు అదేనమ్మా, కూర్చున్న చోటే వేరు. నీ తప్పేం లేదు," అన్నారు. ఆ మాటకి నా గుండె బరువు సగం దిగింది.

కొవ్వుని మధ్యలో కూర్చోబెట్టి తయారుచేసే పాలపొడి పై దేశాల్లో ఉందట, ఇక్కడ దొరకలేదు. పామాయిల్ లేని డబ్బా ఒకటి రాసిచ్చారు. పాలల్లో ఇంకేమీ కలపొద్దన్నారు. ఇప్పుడు పాప హాయిగా నిద్రపోతోంది. తూకం పెరిగింది. సువార్తగారు పాప బుగ్గ గిల్లి మరీ వెళ్ళారు. కోర్టు ఏమంటుందో వచ్చే నెల తెలుస్తుంది.

పేరు గురించి ఇక అడగను. మన రక్తం కాదని నీకు అనిపిస్తే బలవంతం చేయలేను. కానీ నొప్పిగా ఉంది నాన్నా.

సాయిదుర్గ

---

అనకాపల్లి,
ఆగస్టు

చిరంజీవి మరిడమ్మకి,

తాత నూకయ్య ముద్దులు. ఈ ఉత్తరం నీకే. మీ అమ్మని చదివి వినిపించమను.

మీ అమ్మ మొన్నటి ఉత్తరంలో నా సీసాల ఊసెత్తలేదు, నేను నొచ్చుకుంటానని. కానీ జీవితమంతా సబ్బు వండినవాణ్ణి తల్లీ. నూనెలోంచి ఊడిన కొవ్వుకి సున్నం తగిలితే నీళ్ళలో కరగని సబ్బవుతుంది. మీ బోరునీళ్ళలో తెట్టు కట్టేదీ అదే. కాల్షియం అంటే ఆ సున్నమేనని తెలిసి కూడా సీసాలు పంపాను. డబ్బాపాలతో పడుతున్న అవస్థకి తోడు, నీ చిట్టి కడుపులో ఇంకాస్త సబ్బు వండాను. ప్రేమ ఎక్కువై బుర్ర పనిచేయలేదు.

మీ అమ్మ రక్తం గురించి రాసింది. నా మనసులో ఆ మాటే లేదు. ఈ పేరుని నేను ఒకసారి శ్మశానంలో వదిలి వచ్చాను. నీకు పెట్టి నోరారా పిలిచాక, తూకం చాల్లేదని నిన్ను వాళ్ళు తీసుకుపోతే, రెండోసారి పోగొట్టుకోవడం నా వల్ల కాదనిపించింది. కోర్టు కాగితం వచ్చాక చూద్దాంలే అని ములగచెట్టు గురించి రాశాను. ఆ తర్వాత మీ అమ్మ ఏడుస్తూ రాసిన ఉత్తరానికి ఏం రాయాలో తెలియక ఊరుకున్నాను. అదే భయంతో మీ అమ్మ నీకు పాలు పట్టింది, గుడ్డలు ఉతికింది, డాక్టరు దగ్గరికి పరుగెత్తింది. నేను పేరు దాచుకుని కూర్చున్నాను.

ఇక ఆగను. కోర్టు ఏమన్నా సరే, నువ్వు మరిడమ్మవి.

గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి టిక్కెట్టు తీశాను. ఈసారి మందులేవీ తేవడం లేదు. మీ అమ్మమ్మ నేతచీర ఒకటి మెత్తగా నలిగి ఉంది, నీ ఉయ్యాలకి తెస్తున్నాను. నాకు చెవులు సరిగా వినపడవు, నేను కావాలంటే గట్టిగా ఏడువు. నేను ఆ పేరుతో పిలిచినప్పుడు మాత్రం, ఒక్కసారి ఇటు చూడు. చాలు.

నీ తాత,
నూకయ్య