టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్

బాబాయ్,

నా నడుంనొప్పికి ఇవాళ టాంపినీస్ క్లినిక్‌లో నువ్వు వాడిన మాత్రలే రాశారు. "చాలాకాలం వాడితే మతిమరుపు రావచ్చు" అంది డాక్టరు, వానొస్తుంది గొడుగు తీసుకెళ్ళు అన్నంత తేలిగ్గా. ఒళ్ళు మండిపోయింది. ఏళ్ళ తరబడి నీచేత అవే మింగించిన నీ డాక్టరుకి ఈ ఒక్క మాట చెప్పడానికి నోరు రాలేదా?

మనూళ్ళో బస్సు సీటుకి కర్చీఫ్ వేసినట్టు, ఇక్కడి హాకర్ సెంటర్‌లో తిండి కొనుక్కునేముందు టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి వెళ్ళేవాడివి. ప్లేటుతో తిరిగొచ్చి, ఏ టేబులో తెలియక నిలబడిపోయేవాడివి. "బుర్ర తుప్పు పట్టిందిరా" అంటూ వైటూకే కంప్యూటర్ ప్రాజెక్టు వదిలేశావు. పోయేదాకా నిన్ను నువ్వే తిట్టుకున్నావు. తుప్పు కాదు బాబాయ్, మాత్రలు!

మధ్యాహ్నం హాకర్ సెంటర్‌లో నా ఎదుటి సీటు ముందు టిష్యూ ప్యాకెట్ పెట్టాను. ఎవరో ఒకతను కూర్చోబోయాడు. "మా బాబాయిది" అని తెలుగులోనే అరిచాను. ప్లేటు పట్టుకుని వెనక్కి తగ్గాడు.