ఆకుపచ్చ గీత ఉన్న ఆరు తూటాలు

ఎల్డర్ ఫోర్క్ అటవీ రేంజి అధికారి వారి సముఖమునకు,
ఇడాహో రాష్ట్రం, నైన్ మైల్ రోడ్డులో పాత రంపపు మిల్లు ఎదుట కాపురముండు మెరిల్ స్టాకీ, వయసు డెబ్బై నాలుగు, వ్రాసుకొను అర్జీ.

శుక్రవారం, అక్టోబరు నెల.

అయ్యా,

విషయం: నైన్ మైల్ కంకర గుంటలో నేల మీద పడియున్న ఇత్తడి తూటా గుల్లలను ఏరుకొనుటకు అనుమతి ఇప్పించుట గురించి, సోమవారం రానున్న మట్టి గీకే యంత్రమును ఆపించుట గురించి, మరియొక సంగతి గురించి.

1. సదరు కంకర గుంటలో జనం తుపాకులు కాల్చుకొనుట తమ శాఖవారి అనుమతితోనే జరుగుచున్నది. కాల్చినవారు వదిలిపోయిన గుల్లలను ఏరి, కడిగి, కొలతకు నొక్కి, అడుగున నిప్పు రాజేసే కొత్త టోపీ కొట్టి, మందు పోసి, గుండు బిగించి మళ్లీ తూటాలు చేసుకొనుట ఈ ప్రాంతపు అలవాటు. నేను నలభై మూడేళ్లుగా చేయుచున్నాను. నేను చేసిన ప్రతి తూటా అడుగునా ఆకుపచ్చ రంగు పెన్నుతో అడ్డంగా ఒక గీత గీస్తాను. నాది నాకు తెలియాలి కదా. నీలం గీత మా ఊరి హట్సన్‌ది, రెండు ఎర్ర చుక్కలు పాస్టరు గారివి.

2. ఆగస్టు నెలలో తమ కార్యాలయం వారు గుంట ముందర బోర్డు నాటించి, అచ్చటి నుండి ఏ వస్తువునూ, ఖాళీ గుల్లతో సహా, తొలగించరాదని ఆజ్ఞాపించినారు. తర్వాత తమ గార్డు ప్రెంటిస్ గారు నన్ను రెండుసార్లు పట్టుకొని, బకెట్టు స్వాధీనం చేసుకొన్నారు. మాకు జరిగిన సంభాషణ ఉన్నది ఉన్నట్టు వ్రాయుచున్నాను.

"పెద్దాయనా, బోర్డు చదివావా?"

"చదివాను."

"మరి చదివీ ఈ బకెట్టేంటి?"

"ఏమీ పట్టుకుపోను బాబూ. ఒక్కోటీ అడుగు చూసి మళ్లీ అక్కడే పడేస్తా."

"చూసి పడేస్తావా? దానికి నాలుగు గంటలు మోకాళ్ల మీద పాకుతావా? ఇంటికెళ్లి టీవీ చూసుకోరాదూ."

ఆయన మంచివాడే. బకెట్టు తీసుకున్నాడు గాని, నేను లేవలేకపోతే చెయ్యి పట్టుకుని లేపాడు. ఏమి వెతుకుతున్నావని మాత్రం అడగలేదు. అడిగితే ఆ రోజు చెప్పేవాణ్ణేమో. నాకు సిగ్గేసింది.

3. నేను వెతుకుచున్నది ఆరు తూటాలు. కాల్చనివి. నేను చేసినవి. వాటిలో ఏది ఎవరు కాల్చినా తుపాకీ వాళ్ల ముఖం దగ్గరే పగులుతుంది. ఇది అనుమానం కాదు. సెప్టెంబరులో అదే గుంటలో ఓరిన్ టాకెట్ అనే నా మిత్రుడి రైఫిలు పగిలి, కుడి కన్ను, మూడు వేళ్లు పోయిన సంగతి తమ రికార్డులో ఉన్నది. పాత తుపాకీ కావటం వల్ల జరిగిందని అందులో వ్రాసినారు. అది తప్పు. తుపాకీలో ఏ లోపమూ లేదు. లోపం నాది. షెరీఫు గారికి కూడా ఈ మాట చెప్పినాను. ఆయన నా భుజం తట్టి, "మీ ఇంట్లో అంత జరిగాక ఏదేదో అనిపిస్తుందిలే, వెళ్లి పడుకో" అన్నారు.

ప్రతి ఏడూ ఓరిన్ తన గుల్లలు నాకిచ్చేవాడు, నేను మందు కూరి ఇచ్చేవాణ్ణి. అందుకు బదులు చలికాలానికి కట్టెలు కొట్టి తెచ్చేవాడు. ఈ ఏడు నేనిచ్చిన పెట్టెలో ఇరవై ఉండాలి. ఒకటి పేలింది. పదమూడు పెట్టెలోనే ఉన్నాయి, వాటిని నేనే విప్పి మందు పారబోశాను. ఆరు లేవు. ఓరిన్‌కు తల అదిరిపోయి ఆ నెలంతా గుర్తు లేదు. ఆసుపత్రిలో అడిగితే, "గుంటలో పారేసుకున్నానేమో, ఎవడికైనా ఇచ్చానేమో. నా మొహం మీద ఇన్ని కట్లుంటే నీకు లెక్కలు కావాలా" అన్నాడు. నేను ఏడుస్తుంటే, "ఊరుకో మెరిల్. గురి చూసేటప్పుడు ఒక కన్ను ఎలాగూ మూసేదేగా" అన్నాడు. ఆ మాటకు నేను ఇప్పటికీ నవ్వలేకున్నాను.

గుంటలో కాల్చని తూటా పడి ఉంటే ఎవరికి దొరికితే వాళ్లది, జేబులో వేసుకుపోతారు. ఎలుగుల కొండ మీద ఎల్క్ దుప్పుల వేట రేపు ఉదయం మొదలవుతుంది.

4. సదరు తప్పు ఎట్లు జరిగెనో వివరించుట నా విధి. ఇది అధికారిక కాగితంలో వ్రాయదగినది కాదని తెలిసి కూడా వ్రాయుచున్నాను.

నా భార్య లావొన్ నలభై మూడేళ్లూ నాకు ఎదురుగా కూర్చునేది. నేను గుల్లల్లో మందు పోసి పలక మీద నిలబెడితే, ఆమె చేతిదీపం పట్టుకుని ఒక్కొక్క దానిలోకీ తొంగి చూసి "సరే" అనేది. ఆమె సరే అన్న తర్వాతే నేను గుండు బిగించేది. రైఫిలు మందు పుల్లముక్కల్లా ఉంటుంది, పిస్తోలు మందు సన్నటి రేకులు, రైఫిల్లో పోస్తే ఒక్కసారిగా మండి దాన్ని పగలగొడుతుంది. చూస్తే పసివాడికీ తెలుస్తుంది. బల్ల మీద ఒక్క డబ్బాయే ఉండాలన్నది కూడా ఆమె పెట్టిన నియమం. రెండో డబ్బా కనిపిస్తే కాఫీ ఇచ్చేది కాదు.

ఫిబ్రవరిలో ఆమె పోయింది. మార్చిలో నేను ఓరిన్ తూటాలు చేయడానికి కూర్చున్నాను. బల్ల మీద రెండు డబ్బాలున్నాయి. మందు పోశాను. అయ్యా, ఇరవైసార్లు "సరే" అని నాకు వినిపించింది. ఎదురుగా ఖాళీ కుర్చీ ఉంది. చేతిదీపం మేకుకు వేలాడుతూ ఉంది. అయినా వినిపించింది, ఆమె గొంతే, కొంచెం విసుగ్గా, ఎప్పుడూ అనేట్టే. నాకు ఎంత హాయిగా ఉందంటే నేను తల ఎత్తి చూడలేదు. చూస్తే ఆగిపోతుందని భయం. ఇరవై గుండ్లూ బిగించాను. పోసింది పిస్తోలు మందని ఓరిన్ రక్తం చూసిన రోజు డబ్బాలు తిప్పి చూసుకున్నాక తెలిసింది.

ఆమె చెప్పిందని నేను అనటం లేదు. ఆమె ఉంటే చూసేది. నేను వినాలనుకున్నది విన్నాను, అంతే.

గుంటలో ఇంకొక విషయం ఉన్నది. ప్రతి తుపాకీ లోపలి సూదీ గుల్ల అడుగు టోపీని కొట్టి, దాని మీద తన గుర్తు తాను పెడుతుంది. లావొన్ రైఫిలు సూది నడిమధ్యన కాకుండా ఎడమకు కొట్టేది. ఆమె ఆఖరిసారి తుపాకీ పట్టి నాలుగేళ్లయింది. కాని ప్రతి చలికాలమూ మంచుకు నేల ఉబ్బి, కరిగాక లోపలున్న గుల్లల్ని పైకి తోస్తుంది. నేను ఆకుపచ్చ గీత కోసం వెతుకుతుంటే ఆమె గుల్లలు చేతికి వస్తున్నాయి. నల్లబడి, మట్టి నిండి. నిన్న పదకొండు వచ్చాయి. ఆ పదకొండూ బోర్డుకు విరుద్ధంగా నా కోటు జేబులో వేసుకుని ఇంటికి తెచ్చినాను. ఇందుకు తమరు విధించు జరిమానాకు కట్టుబడుదును.

5. కావున నేను కోరునది:
(అ) సోమవారం యంత్రము వచ్చి అడుగు లోతు మట్టి గీకి లారీలకు ఎత్తక ముందే నన్ను వెతకనివ్వవలెను. మట్టి ఎక్కడికి పోవునో, ఎవరి చేతికి చిక్కునో ఎవరికీ తెలియదు.
(ఆ) అంతవరకు గుంట దారికి అడ్డంగా గొలుసు వేయించవలెను.
(ఇ) ఆకుపచ్చ గీత ఉన్న తూటా ఎవరి దగ్గరున్నా కాల్చవద్దని, నా పేరు వేసి, తప్పు నాదని వ్రాసి, బోర్డు పెట్టించవలెను. తమ గుమాస్తా డార్లా గారిని నోటిమాటగా అడిగితే, "పేర్లు పెట్టి బోర్డులు పెట్టం అండీ, ఏదైనా రాసివ్వండి" అన్నారు. అందుకే ఈ కాగితం.

ఇంతకు మించి కోరునది లేదు. ఈ ముసలివాని మనవిని తమరు పూర్తిగా చదివి చిత్తమునకు తెచ్చుకొన ప్రార్థన.

తమ విధేయుడు,
మెరిల్ స్టాకీ

తాజా కలం:

పైనంతా వదిలేయండి. ఇదొక్కటే చదవండి.

కవరు అంటించబోతుంటే ఓరిన్ ఫోను చేశాడు. పొద్దున గడ్డం గీసుకుంటుంటే గుర్తొచ్చిందట. "మెరిల్, గుంటలో, వడగళ్లు పడిన రోజు. అటవీ శాఖ టోపీ పెట్టుకున్న పొడుగాటాయన, రేంజి అధికారి, వాళ్ల నాన్నతో వచ్చాడు. ముసలాయన వేరే సైజు పెట్టె తెచ్చుకుని తిట్టుకుంటున్నాడు. నువ్విచ్చిన కొత్త పెట్టెలోంచి ఆరు తీసి ఇచ్చా. కాల్చబోయేలోగా వడగళ్లు మొదలయ్యాయి. వేటకి పనికొస్తాయిలే అని చొక్కా జేబులో వేసుకుని బొత్తాం పెట్టుకున్నాడు" అన్నాడు.

మీ కార్యాలయానికి ఫోను చేశాను. మీరు సెలవులో ఉన్నారని, మీ నాన్నగారికి గుండె ఆపరేషను తర్వాత ఇదే మొదటి వేటని, మధ్యాహ్నమే ఇద్దరూ ఎలుగుల కొండెక్కారని, పైన ఫోను అందదని డార్లా గారు చెప్పారు. ప్రెంటిస్ గారు మిమ్మల్ని వెతుకుతూ ఇంకో దారిలో గుర్రం మీద బయల్దేరారు. నేను ఇప్పుడు కొండ మొదట్లో మీ బండి పక్కన నిలబడి, బానెట్టు మీద కాగితం పెట్టి ఇది రాస్తున్నాను. ముందు అద్దం తుడిచే పుల్ల కింద పెట్టి వెళతాను. నాకంటే ముందు మీరే దిగివస్తే చదువుతారని.

నాకు మోకాళ్లు బాగాలేవు గాని, గొంతు బాగానే ఉంది. మీ నాన్నగారి పేరు నాకు తెలియదు. మీ పేరు పెట్టి, గారు లేకుండా, అరుస్తూ ఎక్కుతాను, మన్నించండి. నా అరుపు వినబడితే మీరూ నోటితోనే బదులు పలకండి. దారి తప్పినవాడికి ఇక్కడ అందరూ చేసినట్టు, గాల్లోకి ఒక తూటా పేల్చమని మీ నాన్నగారికి చెప్పకండి.