నిహాద్ మామయ్య పడిపోయిన కూడలి

మోస్తార్, మంగళవారం

అమ్మా,

మెట్ల మీద జారి మోచెయ్యి చీరుకుపోయిందని ఫోన్లో చెప్పాను కదా, అబద్ధం. ఏడాదిగా స్కేట్‌బోర్డు నేర్చుకుంటున్నాను. యుద్ధం జ్ఞాపకాలు పడలేక పెద్దమ్మ దగ్గరికి జెనిత్సా వెళ్ళిపోయినదానివి, ఎక్కడ ఆడుతున్నానో నీకెలా చెప్పను? ఆ పాడుపడ్డ బ్యాంకు ముందే. పైనుంచి తుపాకులు పేల్చిన ఆ బ్యాంకు ముందే. మీరంతా తల దించుకుని దాటిపోయే గోడల్ని మేం రోజూ చేత్తో తడిమి చూస్తాం, ఎక్కడ ఎక్కొచ్చు, ఎక్కడ దూకొచ్చు అని. తూటాల గుంటల్లో సిమెంటు కూరింది కూడా మేమే.

కానీ మామయ్య నీళ్ళ డబ్బాతో తూటా తగిలి పడిపోయిన కూడలి దగ్గరికొచ్చేసరికి నా వెన్ను దానంతటదే వంగిపోతుంది. చిన్నప్పుడు అక్కడ నా చెయ్యి పట్టుకుని పరిగెత్తించేదానివి. యుద్ధమయ్యాక పుట్టినదాన్ని, అయినా పైనుంచి ఎవరో గురి చూస్తున్నట్టే ఉంటుంది.

"ఏంటే అజ్రా, అక్కడికొస్తే ముసలమ్మవైపోతావు?" అని నాతో ఆడే స్టిపే ఏడిపించాడు. వాడిది రోడ్డు అవతలి పక్క, యుద్ధంలో మన మీద కాల్చినవాళ్ళ వైపు. మామయ్య సంగతి చెప్పాను. వాడి నవ్వు ఆగిపోయింది. "యుద్ధంలో మా నాన్న అటువైపు ఉన్నాడు. ఏం చేశాడో నేనెప్పుడూ అడగలేదు," అన్నాడు. బోర్డు చంకలో పెట్టుకుని ఆ కూడలి నడిచి దాటాడు.

నువ్వు వద్దంటే మానేస్తాను.

నీ అజ్రా


జెనిత్సా, ఆదివారం

బంగారు తల్లీ,

నీ ఉత్తరం చదివి కోపం రాలేదు, భయమేసింది. గురువారం చెప్పకుండా బస్సెక్కి వచ్చాను. కూడలి పక్కనున్న రొట్టెల కొట్టు అద్దం వెనక నిలబడ్డాను. నువ్వు బోర్డు మీద వంగి ఆ కూడలిలోకి వచ్చావు. "పరిగెత్తు!" అని అరిచానట, కొట్టావిడ చెప్పింది. దాటావు. వెనక్కి తిరిగి మళ్ళీ వచ్చావు. మళ్ళీ. అక్కడికి తిరిగొచ్చే మనిషిని నేనెప్పుడూ చూళ్ళేదమ్మా. పడి ఉన్న నిహాద్ కోసం కూడా చీకటి పడేదాకా ఆ తూటాలు మమ్మల్నెవర్నీ వెళ్ళనివ్వలేదు.

"పొద్దస్తమానం ఈ చక్రాల గోలేంటో," అని కొట్టావిడ విసుక్కుంది.

"అది మా అమ్మాయి," అన్నాను.

మీరు మెట్ల వైపు మళ్ళాక నేను రోడ్డు మీదికి దిగాను. సగం దాటేసరికి కాళ్ళు పరుగందుకున్నాయి. బలవంతాన ఆపి, తలెత్తి బ్యాంకు కిటికీల్ని ఒక్కొక్కటే చూశాను. ఒకదాంట్లో మనిషి నిలబడ్డట్టే ఉంది. అందులోంచి పావురాలు లేచిపోయేదాకా చూస్తూనే ఉన్నాను. కారులో ఎవరో హారన్ కొట్టి, "చావాలనుందా ఏంటి ఆంటీ?" అని కేకలేశాడు.

"లేదు నాయనా," అన్నాను.

స్టిపేని ఓసారి భోజనానికి తీసుకురా. వాళ్ళ నాన్న సంగతి నేనూ అడగను.

నిన్ను పలకరించకుండానే బస్సెక్కేశాను. నన్ను చూస్తే ఆగిపోతావని. ఆగకు.

అమ్మ