తలుపు తెరిచినా ఆగని మిషను

సింగానల్లూరు,
ఆదివారం

అన్నకు చెల్లెలు దండాలు పెట్టి రాస్తున్నది.

నువ్వు, వదిన, పిల్లలు బాగున్నారని తలుస్తున్నాను. వదినకు నడుము నొప్పి తగ్గిందా? నా ఒంటికేమీ లేదు, వేళకు తింటున్నాను. ఫోనులో అయితే ఏడుస్తానని ఉత్తరం రాస్తున్నాను. ఈ తమిళ ఊళ్లో ఉండి తెలుగు రాసి చాలా ఏళ్లయింది, తప్పులుంటే సర్దుకుని చదువు.

మా ఆఫీసు మిల్లు మిషన్లకు కంట్రోల్ బోర్డులు చేస్తుందని నీకు తెలుసు కదా. దూది ఏకే మిషన్ల బోర్డుల్లో ఎప్పటిదో పాత ఆపరేటింగ్ సిస్టం నడుస్తుంది. కొత్తది వాటికి పట్టదు. పాతదాన్ని తయారుచేసే కంప్యూటరు ఈ వానల్లో కాలిపోయింది. ఆ పాతదాన్నే కొత్త కంప్యూటరు మీద మళ్లీ తయారుచేసే పని నాకిచ్చారు. మూడు వారాలు ఒక్కదాన్నే కుస్తీ పట్టాను. ఎవరో పాత ఇంజనీరు ప్రోగ్రాములో రాసిన ఒక వరుస దగ్గర అది మాటిమాటికీ ఆగిపోయేది. ఆ వరుస ఎందుకుందో తెలియలేదు. తీసేశాను. బోర్డు పనిచేసింది.

ఇంకో రెండు రోజులు పరీక్ష చేద్దామన్నాను. మా ఓనరు ఒప్పుకోలేదు. "స్క్రీను వచ్చేసింది కదమ్మా. అక్కడ మిల్లు నిలిచిపోయుండాది, పంపించు," అన్నాడు. పంపించాను.

ఆ మిల్లులో సరోజక్క అని, మిషను నడిపే ఆవిడ ఉంది. బోర్డు బిగించడానికి వెళ్లిన రోజు తన డబ్బాలోంచి నాకు సగం పెరుగన్నం పెట్టింది. నాలుగో రోజు ఇరుక్కున్న దూది తీయడానికి ఆమె మిషను తలుపు తెరిచింది. తెరిస్తే మిషను ఆగాలి. ఆగలేదు. కుడిచేతి మూడు వేళ్లు పోయాయి అన్నా.

కారణం నేనే వెతికి పట్టుకున్నాను. తలుపు మూసుందా అని మిషను ఎడతెగకుండా చూస్తూ ఉండాలి. నేను తీసేసిన వరుస ఆ పనిని కాపాడేది. అది లేకపోయేసరికి ఒకసారి చూస్తే చాలని కొత్త కంప్యూటరు మళ్లీ మళ్లీ చూసే పనిని ప్రోగ్రాములోంచి కత్తిరించేసింది. వెంటనే మిల్లుకు ఫోను చేసి, ఆ బోర్డులున్న మిషన్లన్నీ ఆపించాను. ఆమే తొందరపడి చెయ్యి పెట్టిందని రాసిమ్మన్నాడు ఓనరు. నేను జరిగింది జరిగినట్టు రాసి మిల్లుకిచ్చాను. మరునాటి నుంచి రావద్దన్నాడు.

ఆసుపత్రికి వెళ్లి సరోజక్కకు అంతా చెప్పాను. విని ఆమె అంది, "నేనే తప్పు చేస్తినని మా ఇంటాయన తిడతా ఉండాడు. ఆయన ముందర ఇదే చెప్తావా పాపా?"

చెప్పాను. ఆయన మంచం పక్కన కూర్చుని, నీళ్ల గ్లాసు ఆమె ఎడమచేతికి అందించాడు.

పని పోయిన సంగతి పెద్దత్తకు ఇప్పుడే చెప్పకు. ఆమెకు, మామకు నా నమస్కారాలు. నన్ను దీవించమని రాయడానికి ఈసారి చెయ్యి రావడం లేదు. ఆ దీవెనేదో సరోజక్కకు పెట్టండి.

నీ చెల్లెలు,
రాజేశ్వరి